పన్నా చాలని బూట్లు

ఆ కాలంలో మా ఆళ్లగడ్డలో మగవాడి పాదానికి పొడవు ఒక్కటే ఉండేది. దానికి వెడల్పు కూడా ఉంటుందనీ, బూట్లు కొనేటప్పుడు దాన్నీ చూసుకోవాలనీ ఎవరైనా చెప్పగా నేను వినలేదు. అసలు బూట్ల అవసరమే తక్కువ. ఊళ్లో డాక్టరుగారు వేసుకునేవారు, బడి తనిఖీకి వచ్చే అధికారి వేసుకునేవాడు. మిగతా అందరికీ చెప్పులే. మడమ అరంగుళం బయటికి వేలాడినా పట్టించుకునేవాళ్లం కాదు. ఇరవై మూడేళ్లపాటు నా పాదాలు అలా అడ్డూ ఆపూ లేకుండా పెరిగి, వేళ్ల దగ్గర విసనకర్రలా విచ్చుకున్నాయి. (నా ఈడువాళ్లు ఒకసారి కిందికి చూసుకుంటే నేను చెప్పేది అర్థమవుతుంది.)

డిగ్రీ అయ్యాక రెండేళ్లు మా నాయన బట్టల కొట్లో కూర్చున్నాను. గుడ్డ కొలవడం, చించడం, మడతపెట్టడం. నాయనకు అదే లోకం. నాకేమో ఆ కొట్లోనే తల నెరిసిపోతుందేమోనని దిగులు. అలాంటప్పుడు నంద్యాలలోని ఒక విత్తనాల కంపెనీ నుంచి ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చింది. బూట్లతో సహా తగిన దుస్తుల్లో రావాలని చివర్న ఒక వాక్యం. నాయన ఉత్తరం రెండుసార్లు చదివి, "సరే, పోయిరా. ఉద్యోగం రాకుంటే మాత్రం ఇంక ఆ ఊసెత్తకుండా కొట్లోనే కూర్చోవాల. మాటేనా?" అన్నాడు. "మాటే నాయనా" అన్నాను.

ఇంటర్వ్యూ సోమవారం. శుక్రవారం పొద్దున్నే మొదటి బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా నంద్యాల చేరి, బూట్ల షాపు తెరిచే వేళకు గుమ్మం ముందు నిలబడ్డాను. ఏ పనైనా అందరికన్నా ముందు ముగించుకోవడం నాకు అప్పటికే ఉన్న జబ్బు. అదే కొంప ముంచింది. షాపాయన దేవుడి పటానికి ఊదుబత్తి తిప్పి వచ్చి, నా పాదాన్ని కొలతచెక్క మీద పెట్టి "ఎనిమిది" అన్నాడు. ఎనిమిదో నెంబరు నల్లబూట్లు పొడవుకు సరిగ్గా సరిపోయాయి. కానీ చిటికెన వేలు పక్కవేలి మీదికెక్కి కూర్చుంది.

"పన్నా చాలడం లేదన్నా" అన్నాను. గుడ్డ వెడల్పును మా కొట్లో పన్నా అంటాం. నోటికి ఆ మాటే వచ్చింది.

"పన్నానా! బూట్లకు పన్నా యాడుంటదప్పా? పంచె కొంటాండావా ఏంది? నెంబరే ఉంటది."

తొమ్మిది వేసి చూశాను. వేళ్లకు కాస్త నయమే గానీ, నేను అడుగు వేస్తే బూటు ఒక క్షణం ఆలోచించుకుని వెనకాల వచ్చేది. మళ్లీ వస్తానని లేచాను. ఆయన ముఖం వాడిపోయింది. "బోణీ బేరమప్పా. నువ్వు ఉత్తచేతుల్తో పోతే దినమంతా నా గతేం గావాల? తోలు గదా, రెండు దినాలు తొడిగితే అదే సాగుతది."

ఇంకెవరైనా అయితే వెళ్లిపోయేవారు. నేను కొట్టువాడి కొడుకుని. మొదటి గిరాకీ ఏమీ కొనకుండా మెట్లు దిగితే మా నాయన ఆ పూటంతా ఎలా చిటపటలాడేవాడో చూస్తూ పెరిగినవాణ్ణి. ఇంకొకరి బోణీ చెడగొట్టలేక ఎనిమిదే కొన్నాను. (పైగా "ఉతికితే సర్దుకుంటది" అని నేనే ఎంతమందికి చొక్కా గుడ్డలు అంటగట్టానో! అలాంటివాణ్ణి ఆ "సాగుతది"ని ఎలా నమ్మానో ఈనాటికీ తెలియదు.)

ఆ సాయంత్రం వాటిని తొడుక్కుని కొట్లో నాలుగడుగులు వేశాను. "ఏందిరా, నిప్పుల మీద నడుస్తాండావా?" అన్నాడు నాయన. కొబ్బరినూనె రాశాను, లాభం లేదు. మా జేజి (నాయనను కన్నతల్లి) చూసి చూసి, "ఒరే అబ్బోడా, ఇంత సదివినావు, ఈమాత్రం తెలీదా? శనగలు నానేసి కుక్కు. అవి ఉబ్బితే ఇనప్పెట్టె గూడ నోరు తెరుస్తాది" అంది. శనివారం పొద్దున ఏడింటికి ఒక్కో బూట్లో అరవై గింజలు లెక్కపెట్టి పోసి, తడిపి, పైన గుడ్డ కుక్కాను. ఎప్పుడు తడి చల్లిందీ, మొలక ఎప్పుడు కనబడిందీ, అలవాటు ప్రకారం డైరీలో రాసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం గింజలు తీసేసి బూట్లను ఎండలో పెడితే, అంతసేపూ బుద్ధిగా సాగిన తోలు ఆరీ ఆరగానే మునుపటికన్నా బిగుసుకుంది.

సోమవారం నంద్యాల బస్టాండు నుంచి ఆ ఆఫీసుకు నేను నడిచిన నడక పగవాడికి కూడా వద్దు. గదిలోకి పిలిచారు. బల్ల వెనక కళ్లద్దాల పెద్దాయన ఒక్కరే ఉన్నారు.

"ఏమప్పా, కుంటుతాండావు?"

"ఏం లేదు సార్."

"సరే. మీ ఆళ్లగడ్డ పక్క రైతులకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఏంది?"

"చిటికెన వేలు సార్."

ఆయన పెన్ను కింద పెట్టారు. "ముందు ఆ బూట్లు విప్పు. మళ్లీ మాట్లాడుకుందాం."

విప్పాను. ఆ క్షణంలో ఉద్యోగం పోయినా ఫరవాలేదనిపించినంత సుఖం. అంతలో కుడి బూట్లోంచి ఒక శనగ గింజ దొర్లుకుంటూ వెళ్లి ఆయన కుర్చీ దగ్గర ఆగింది. దానికి తెల్లటి మొలక. ఆయన వంగి తీసి, కాగితం మీద పెట్టుకుని చూశారు.

"ఇది బూట్లోకి ఎట్లొచ్చింది?"

ఇక దాచేదేముంది? పన్నా, బోణీ, జేజి, అన్నీ చెప్పాను. నవ్వుతారనుకున్నాను. "ఎన్ని గంటలకు మొలకొచ్చింది?" అని అడిగారు. సంచిలోంచి డైరీ తీసి చదివాను. "కుడి బూట్లో అరవై పోసినా సార్. యాభై తొమ్మిది తీసినా. అందులో మూడు మొలవలేదు."

"ఒకటి తక్కువొస్తే ఎతకలేదా?"

"మా జేజి తినిందనుకున్నా సార్."

అప్పుడు నవ్వారు, కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా. "మొలక పరీక్షల రిజిస్టరు రాసేటోడు కావాలప్పా మాకు. పొద్దున్నుంచి మంచి మంచి బూట్లు చూసినా గానీ, గింజలు లెక్కబెట్టే ఓపిక ఒక్కనిలో గూడ కనపడలేదు. ఒకటో తారీఖున వచ్చెయ్. చెప్పులతోనే రా." నేను తలుపు దాకా వెళ్లాక మళ్లీ పిలిచి, "నువ్వు పన్నా అన్నది తప్పు కాదు. వెడల్పు పాదాలకు బూట్లు వేరే చేస్తారు. సాయంత్రానికి పాదం ఉబ్బుతాది, అప్పుడు పోయి, నిలబడి కొలిపించుకో" అన్నారు.

బూట్లు చేత్తో పట్టుకుని వట్టికాళ్లతో ఇంటికొచ్చాను. నాయన ముందు నా చేతులు చూశాడు, తర్వాత కాళ్లు చూశాడు. "రాలేదా?" అన్నాడు మెల్లగా. "వచ్చింది నాయనా" అన్నాను. పీలికను కూడా వృథా పోనివ్వని ఆ మనిషి, కొత్త మల్లు తానులోంచి ఒక ముక్క చర్రున చించి, నా చిటికెన వేలి బొబ్బకు కట్టు కట్టాడు. "మీ జేజికి చెప్పిరా పో" అన్నాడు.

మొన్న బంధువుల పెళ్లి ఉందని నంద్యాలలో బూట్లు కొన్నాను. సాయంత్రం ఐదు దాటాక వెళ్లి, నిలబడి, రెండు పాదాలూ కొలిపించుకున్నాను. ఎడమది కొంచెం పెద్దదని డెబ్బై ఏళ్లకు తెలిసింది. దాని కొలతకే వెడల్పు రకం తీయించి, షాపులో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతుంటే మా ఆవిడ, "మన అల్లుణ్ణి ఎంచేటప్పుడు గూడ ఇంతసేపు సూల్లేదు గదండీ మీరు" అంది. షాపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల ఐదు వేళ్లూ ఎవరి చోటులో వాళ్లు హాయిగా ఉన్నారు. బిల్లు వేయమని చెప్పి, అవసరం లేకపోయినా, గుమ్మం దాకా ఇంకొక్కసారి నడిచి వచ్చాను.