కాయలొలిచే పంచలో సీరియల్

ఉరవకొండ దగ్గరి ఆ పల్లెలో మారెక్క నోటికి జంకని మనిషి లేదు. విత్తనం వేసే కాలం దగ్గరపడితే ఆడవాళ్లంతా సుబ్బరత్నమ్మ ఇంటి పంచలో చేరి విత్తనపు వేరుశనగ కాయలు ఒలుస్తారు. ఆ ఏడు సుబ్బరత్నమ్మ కొత్త రంగుల టీవీని పంచలోకే తెచ్చి పెట్టించింది. మధ్యాహ్నం పూట ఒక చిన్న సీరియల్ వచ్చేది. అలిగి పుట్టింటికొచ్చిన పెళ్లాం, పంతం పట్టిన మొగుడు, అంతే కథ. ఏడుపు ఘట్టం వస్తే చాలు, ఒలిచే చేతులు బిగుసుకుపోయి గింజలు రెండు బద్దలయ్యేవి. బద్దలు మొలవవమ్మా అని సుబ్బరత్నమ్మ గొణిగేది, ముక్కు చీదుకుంటూ తానూ బద్దలే చేసేది.

సీరియల్ అయిపోగానే అందరూ మారెక్క వైపు చూసేవాళ్లు. తీర్పు ఆమెదే.

"మొగోడైతే వచ్చి పిలుచుకోని పోవల్ల. పిలవకుండా పోతే ఆడదానికి మర్యాద యాడుంటాది?" అని దులిపేసేది. అందరూ అవునంటే అవుననేవాళ్లు. పక్కనే కూర్చున్న ఆమె కూతురు పుష్పావతి మాత్రం తల ఎత్తేది కాదు.

పుష్పావతి కూడా అలిగి వచ్చినదే. మొగుడు తిప్పేష్ రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుడతాడు. మంచివాడే, కోపం ఎక్కువ. "తనంతట తాను పోయింది, తానే రానీ" అని కబురు పంపాడు. అలిగి వచ్చిన ఆడబిడ్డను అత్తింటివాళ్లు వచ్చి పిలుచుకుపోవాలి, అది ఆనవాయితీ. వాళ్లు రాలేదు, ఈమె పోలేదు. పుష్పావతికి తిండి సయించడం లేదు. మారెక్కకు పంపాలనే ఉంది, కానీ పిలవకుండా పంపితే ఊరు నవ్వుతుందని బిగబట్టుకుంది.

ఆఖరి రోజు సీరియల్‌లో ఆ పెళ్లాం సంచి తీసుకుని తానే బయలుదేరింది.

"సిగ్గుల్యా దీనికి?" అంది పక్కన కాయలొలుస్తున్న గంగక్క. పంచంతా మారెక్క వైపు తిరిగింది.

మారెక్క టీవీని చూడలేదు, కూతురిని చూసింది. పుష్పావతి చేతిలో కాయ అట్లే ఉంది. ఆ మొహం నిండా ఆశ. ఇన్నాళ్లూ తాను తిట్టిన తిట్లన్నీ ఎవరి కాళ్లకు అడ్డం పడ్డాయో మారెక్కకు అప్పుడు అర్థమైంది.

"దానింటికి అది పోతాంది. సిగ్గేముండాది గంగక్కా?"

"నిన్నటిదాకా తిడతాంటివి కదమ్మే?"

"తిడితిని. ఈ పొద్దు దాని మొగం చూస్తిని."

సుబ్బరత్నమ్మే ముందు, "పోనీలే, బాగుంటే సాలు" అంది. గంగక్క కూడా సరేలెమ్మని చేట దగ్గరకు లాక్కుంది.

ఇంటికి నడుస్తుంటే పుష్పావతి మెల్లగా అడిగింది.

"అమ్మా, పొద్దున రాయదుర్గం బస్సు యాడ నిలబడుతుంది?"

పుట్టి పెరిగిన ఊళ్లో బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియని పిల్ల కాదు. అయినా మారెక్క, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పినట్టు ఓపిగ్గా, వివరంగా చెప్పింది.