క్రికెట్ బుర్రతో కట్టిన స్పెయిన్ టేబుల్

2023 వేసవి. ఇర్వింగ్‌లో, లాస్ కోలినాస్ వైపు, ఒక చిన్న కంపెనీలో నేను డేటా ఇంజనీర్‌ని. టీవీ చానెళ్లకు ఫుట్‌బాల్ లీగుల పాత చరిత్ర ఇచ్చే కంపెనీ అది. ఏ సీజన్‌లో ఏ క్లబ్ ఎన్నో స్థానం, ఎవరు కింది డివిజన్‌కి దిగిపోయారు, ఇలాంటివి. స్పెయిన్ లీగ్ చరిత్రంతా పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మార్చే పని, అంటే మైగ్రేషన్, నా నెత్తిన పడింది. ఫుట్‌బాల్‌లో నాకు తెలిసింది గుండు సున్న. గుంటూరులో పుట్టి, టీవీలో క్రికెట్ చూస్తూ పెరిగినదాన్ని.

ఆ శుక్రవారం పొద్దున పదింటికి మా లీడ్ రఘు గారు నా డెస్క్ దగ్గరికి దాదాపు పరుగెత్తుకొచ్చారు.

"సునీతా, స్పెయిన్ టేబుల్స్ నువ్వే కదా చేసింది? చానెల్ వాళ్లు కాల్ చేశారు. పదకొండింటికి లైవ్. గెస్ట్ ఒక పెద్దాయన, 1980ల్లో అక్కడ గోల్‌కీపర్ అట. రిహార్సల్‌లో మన టేబుల్ చూసి, మా క్లబ్ ఆ ఏడాది దిగలేదే అంటున్నాడు. మన దాంట్లో దిగినట్టుంది!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ సీజన్ తెరిచాను. రెండు క్లబ్బులకు సమానంగా పాయింట్లున్నాయి. అప్పుడు ఎవరు పైనో తేల్చే నియమాన్ని టై బ్రేకర్ అంటారు. నేను గోల్స్ తేడా పెట్టాను. క్రికెట్‌లో నెట్ రన్ రేట్ చూసి చూసి, ఇక్కడా అంతేగా అనుకున్నాను, ఎవరినీ అడగలేదు. స్పెయిన్‌లో ముందు చూసేది ఆ రెండు జట్లూ తమలో తాము ఆడిన మ్యాచ్‌లు. వాటిలో పెద్దాయన జట్టు ఒకటి గెలిచింది, ఒకటి డ్రా చేసింది. వాళ్లు దిగలేదు. నేను దించేశాను, నా మొహం మండ!

టేబుల్ సరిచేస్తుంటే కొట్టే అక్షరం ఒకటి, పడే అక్షరం ఒకటి. నాది హెచ్‌వన్‌బీ వీసా, ఉద్యోగం ఉన్నంతవరకే. ఉద్యోగం ఊడితే అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. ఆ నెలలోనే మా ఫ్లోర్‌లో ఇద్దరిని పంపేశారు.

"ఫిక్స్ చేసెయ్. కానీ మన మిస్టేక్ అని మాత్రం ఎక్కడా అనకు," అన్నారు రఘు గారు గొంతు తగ్గించి. "పాత రికార్డ్స్ క్లియర్‌గా లేవు, చెక్ చేస్తున్నాం అను చాలు. నీ వీసా సంగతి ఆలోచించుకో తల్లీ."

ఆయన నా మేలు కోరే చెప్పారు. ఆ సలహా నాకూ తియ్యగానే ఉంది, అబద్ధమెందుకు?

పెద్దాయనతో నేరుగా మాట్లాడమని చానెల్ వాళ్లిచ్చిన నంబర్‌కి ఫోన్ చేస్తే ఆయన కూతురు ఎత్తింది. దగ్గర్లోని ప్లేనోలో తండ్రిని తన దగ్గరే పెట్టుకుని చూసుకుంటోంది.

"నాన్న షోకి రానంటున్నారు," అంది. "ఈ మధ్య మరుపు మొదలైంది. ఏమేం మరిచిపోతున్నారో ఒక పుస్తకంలో రాసిపెట్టమన్నారు డాక్టర్. మీ టేబుల్ చూశాక, ఇక నా బుర్ర పూర్తిగా పోయింది అని కూర్చున్నారు. మీ రికార్డు కరెక్టేనా?"

రికార్డులు క్లియర్‌గా లేవు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. రఘు గారు పక్కనే నిలబడి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నారు.

"ఫోన్ నాన్నగారికివ్వండి," అన్నాను. ఆయన లైన్‌లోకి రాగానే, ధైర్యం పోకముందే చెప్పేశాను. "సర్, మీ క్లబ్ దిగలేదు. ఆ రెండు మ్యాచ్‌ల్లో ఒకటి గెలిచారు, ఒకటి డ్రా. టేబుల్ తప్పు. నియమం తెలుసుకోకుండా కట్టింది నేనే."

"డ్రా అయిన రోజు వాన," అన్నారు మెల్లగా. "అవునా?"

"వాన సంగతి మా దగ్గర రాసి లేదు సర్."

"నా దగ్గరుంది," అన్నారు. "అమ్మా, ఇదే మాట మా అమ్మాయికి కూడా చెప్పు. ఇవాళ్టిది ఆ పుస్తకంలో రాసేసింది. కొట్టేయమను."

చెప్పాను. ఆయన లైవ్‌కి వెళ్లారు. నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది, ఉద్యోగం మాత్రం నిలిచింది. రఘు గారు రెండు వారాలు నాతో ముక్తసరిగా మాట్లాడారు. మీటింగ్ ఇన్వైట్ వచ్చినప్పుడల్లా ఇక అయిపోయింది అనుకుంటూ ఆరు నెలలు బతికాను. ఇప్పుడు ఏ దేశపు లీగ్ ముట్టుకున్నా ముందు అక్కడి నియమాల పుస్తకం చదువుతాను, తెలిసినవాళ్లను అడుగుతాను.

ఉద్యోగం భయం పోయింది. ఇంకో భయం ఉండిపోయింది. తన చేతులతో ఆపిన బంతుల జ్ఞాపకాన్ని పక్కనబెట్టి, ఆ మనిషి నా టేబుల్‌ని నమ్మారు.