నోరు నొక్కిన ఫోను

ఒక శనివారం పొద్దున బాత్రూము కడుగుతుంటే నా ఫోను గౌను జేబులోంచి జారి సబ్బునీళ్ల బక్కెట్లో పడింది. తీసి తుడిచాను, బియ్యం డబ్బాలో పెట్టాను, ప్రార్థన కూడా చేశాను. లేవలేదు.

అప్పుడు నేను కువైట్‌లోని ఎగైలాలో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. ఇంటామెను అక్కడి పద్ధతిలో మామా అనేదాన్ని, ఆమె అత్తగారిని పెద్ద మామా. పెద్ద మామాకి షుగరు వల్ల రెండు కళ్లూ పోయాయి. స్నానం, తిండి, మందులు, కంటి చుక్కలు అన్నీ నావే. నా గోడు విని మామా సొరుగులోంచి పెద్ద మామా పాత ఫోను తీసి, నా సిమ్ము వేసి ఇచ్చింది. పెద్ద మామాకి కొడుకు ఈమధ్యే కొత్తది కొనిచ్చాడు.

అది మాట్లాడే ఫోను. ఏది ముట్టుకున్నా దాని పేరు అరబ్బీలో గడగడా చదివేది. కళ్లు లేనివాళ్ల కోసం అలా పెడతారట. ఈ వాగుడు నాకెందుకని పక్కనున్న బటను నొక్కి సౌండు మొత్తం తగ్గించేశాను. నోరు మూసుకుంది, రింగు మాత్రం మోగేది. పీడ వదిలిందనుకుని, మళ్లీ దాని జోలికి పోకుండా పనిలో పడ్డాను.

మా ఆయన పోయాక పాపని రాజమండ్రి దగ్గర మిషను హాస్టల్లో చేర్చి వచ్చాను. అప్పుడది ఆరో తరగతి. అక్కడ ఆదివారం మాత్రమే వార్డెనమ్మ తన ఫోను పిల్లల చేతికిచ్చేది, మనిషికి పది నిమిషాలు. మా పాప వంతు పది గంటలకి, అంటే కువైట్‌లో ఏడున్నరకి. అది రెండు రింగులిచ్చి కట్ చేస్తుంది, నేను వెంటనే తిరిగి చెయ్యాలి. పది నిమిషాలు దాటితే ఫోను పక్క పిల్ల చేతిలోకి పోతుంది.

ఫోను నీళ్లలో పడక ముందు ఆదివారం నేను పాపని బాగా తిట్టాను. నేను ఇక్కడికొచ్చాక మొదటి జీతంతో చేయించిన బంగారు దుద్దులు బోరింగు దగ్గర పారేసుకుంది. ఏడుస్తూనే చెప్పింది. నాకు నోటి దురుసు ఎక్కువ, ఇప్పటికీ తగ్గలేదు. "అయ్యి దొరికేదాకా నాకు ఫోను చెయ్యకు," అని పెట్టేశాను. సాయంత్రానికి కోపం పోయింది కానీ, ఆ సంగతి దానికి చెప్పడానికి మళ్లీ ఆదివారం రావాలి.

ఫోను మారిన మర్నాడే ఆదివారం. ఏడున్నరకి నేను వంటింట్లో ఉన్నాను. రెండు రింగులు వచ్చి ఆగాయి. ఫోను తీసి తెర మీద వేలు పెట్టి జరిపాను. కదల్లేదు. గట్టిగా తోశాను, తుడిచి తోశాను, వేలు మార్చాను. హాస్టలు నంబరు కళ్ల ముందే ఉంది, దాని చుట్టూ ఒక నల్ల గీత పడింది, అంతే. మళ్లీ రెండు రింగులు. మరో రెండు నిమిషాలకి మళ్లీ రెండు. ఆ తర్వాత మోగలేదు.

పాప మనసులో ఏముంటుందో నాకు తెలుసు. అమ్మ చెయ్యొద్దంది, చేసినా పలకలేదు అనుకుంటుంది. నాకు ఏడుపొచ్చింది. మంట కట్టేసి కాసేపు సింకు దగ్గర నిలబడ్డాను.

మధ్యాహ్నం ఇంటి డ్రైవరు ఫోను అడిగి, ఆ నంబరు చూసి కొట్టాను. వార్డెనమ్మ ఎత్తింది.

"వందనాలమ్మా. మా పాపకి ఒక్క మాట చెప్పాలండి."

"టైము అయిపోయిందమ్మా. వచ్చే ఆదివారమే."

"పోనీ నేను చేసేనని చెప్పండమ్మా. కోపం లేదని చెప్పండి."

"చెప్తాలే," అంది. ఎనభై మంది పిల్లల మధ్య ఆ మాట ఎంతసేపు గుర్తుంటుందో నాకు తెలియదా.

శుక్రవారం సెలవు. చర్చి అయ్యాక బస్సెక్కి ఖైతాన్‌లో ఒక రిపేరు షాపుకి వెళ్లాను. షాపతను జగిత్యాల వైపువాడు. ఫోను తీసుకుని నాలాగే తోసి చూశాడు, దీపం కింద పెట్టి చూశాడు.

"టచ్ ఖరాబైందక్కా. కొత్తది ఎయ్యాలె. పెట్టిపోండ్రి, మల్ల శుక్రారం ఇస్త."

"ఆదివారానికి కావాలి బాబూ."

"సామాను రావాలె గదా. నేనేం జెయ్యాలె?"

ఫోను పెట్టిపోతే రింగయినా వినబడదు. వెనక్కి తెచ్చేసుకున్నాను.

డ్రైవరు ఫోను ఉంది కదా అనవచ్చు. ఆదివారం ఏడింటికే మామాని ఆఫీసులో, పిల్లల్ని బడిలో దింపడానికి వెళ్లిపోతాడు. ఇంట్లో మిగిలేది నేను, పెద్ద మామా. ఆమె కొత్త ఫోనులో బాలెన్సు అయిపోయి అప్పటికి రెండు రోజులైంది, సాయంత్రం కొడుకు వచ్చి వేయించాలి. చూపులేని మనిషిని తెర గురించి అడగాలన్న ఆలోచన మాత్రం వారం రోజుల్లో ఒక్కసారి కూడా నాకు రాలేదు.

మళ్లీ ఆదివారం. ఆ రోజు కావాలనే పెద్ద మామా మంచం దగ్గర కూర్చుని, ఆమెకి చాయ్ తాగిస్తూ, ఫోను ఒళ్లో పెట్టుకున్నాను. ఏడున్నరకి రెండు రింగులు వచ్చి ఆగాయి. పాప అసలు చేస్తుందో చెయ్యదో అనుకున్నాను, చేసింది. నేను తోస్తూ, పొడుస్తూ, ఆ ఫోను వంశాన్నంతా తిట్టడం మొదలుపెట్టాను. పెద్ద మామాకి తెలుగు రాదు గానీ నా తిట్లు మాత్రం బాగా తెలుసు.

"లేష్?" అంది. ఎందుకు అని.

వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. హింద్‌లో, అంటే మన దేశంలో, కూతురు, ఫోను, పది నిమిషాలు, టచ్ పాడు.

"హాతీ," ఇటివ్వు అని చెయ్యి చాపింది.

ఇచ్చాను. ఆమె దాన్ని ముఖం ముందు కాదు, చెవి పక్కన పట్టుకుంది. తెర మీద వేలు పెట్టింది. ఏమీ వినబడక ముఖం చిట్లించింది. పక్కన తడిమి సౌండు పెంచింది. ఫోను మాట్లాడటం మొదలుపెట్టింది. నేను వారం కింద నొక్కేసిన గొంతే.

"పాడవలేదు. నువ్వే దీని నోరు మూశావు," అంది. ఈ పద్ధతిలో ఒకసారి ముట్టుకుంటే పేరు చెబుతుందట, గబగబా రెండుసార్లు కొడితేనే పని చేస్తుందట, తోస్తే కదలదట. నేను మాట మాత్రం ఆపాను, పద్ధతి అలాగే ఉంది. షాపతనికీ అది తట్టలేదు, మూగగా ఉన్న ఫోను ఇచ్చింది నేనే కదా.

"నీకు కళ్లున్నాయి. నీకెందుకిది?" అంటూ కింద గుండ్రటి బటను మూడుసార్లు టకటకా నొక్కింది. ఫోను అరబ్బీలో చివరిగా ఏదో అని ఆగిపోయింది. "ఖలాస్. యల్లా, మాట్లాడు."

గోడ గడియారం చూశాను. ఏడూ ముప్పై ఆరు. నంబరు మీద వేలు పెట్టి జరిపాను. జరిగింది. ఒక్క రింగుకే ఎత్తింది.

"దొరకలేదమ్మా," అంది, నేను ఏమీ అనకముందే. "బోరింగు కాడ రోజూ ఎతుకుతున్నాను. దొరకలేదు. అయినా చేసేను."

"దుద్దులు పోతే పోనియ్యే. నా ఫోను పాడైందమ్మా, అందుకే పోయినారం చెయ్యలేకపోయాను."

"నిజంగానా?"

"నిజంగానే. నీ మీద ఒట్టు."

పెద్ద మామా నా మోకాలి మీద చెయ్యి వేసి, మా ఇద్దరి మాటలూ తెలిసినట్టే తలూపుతోంది.

"వార్డెనమ్మ చెప్పలేదా, నేను చేసేనని?"

"లేదు." తర్వాత మెల్లగా అంది. "ఇయ్యాల కూడా నువ్వు చెయ్యకపోతే, వచ్చేవారం నించి నా పది నిమిషాలు పక్క మంచం అమ్మాయికి ఇచ్చేత్తానని చెప్పేసేనమ్మా."

"ఎవరికీ ఇవ్వకు," అన్నాను.