ఐసుగదిలో పగటి నిద్ర

మా మేస్త్రమ్మ ఏ ఇంటి పని ఒప్పుకున్నా ముందు ఆ ఇంట్లో పడుకుంటుంది. గోడలు ఇంకా లేవని ఆగదు. సుద్దముక్కతో నేలమీద గదులు గీసి, ఆ గీతల మధ్య కొంగు పరుచుకుని కళ్ళు మూసుకుంటుంది. కొత్త కూలీలు మొదటిరోజు అది చూసి, ఈవిడ పని చేయించడానికి వచ్చిందా, కునుకు తీయడానికి వచ్చిందా అని నవ్వుకుంటారు. రెండోరోజు నవ్వరు. ఆ గీతల దగ్గర ఆవిడ ఎంత మొండిగా ఉంటుందో అప్పటికి తెలిసిపోతుంది.

నేను వడ్రంగిని. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ గీసిన గీతల్లో గుమ్మాలు నిలబెడుతున్నాను. వయసులో పెద్దవాణ్ణని అన్నయ్యా అని పిలుస్తుంది. ఆ గౌరవం పిలుపు వరకే. గుమ్మం నాలుగంగుళాలు జరపాల్సి వస్తే నా పెద్దరికం గాలికి పోతుంది.

ఆవిడ తట్టలు మోసే కూలీగా మొదలుపెట్టి, తాపీ పట్టి, చివరికి తానే మేస్త్రి అయింది. పాత దుకాణాల్నీ గోదాముల్నీ మనుషులు ఉండే ఇళ్ళుగా మార్చడం ఆవిడ పని. కాగితం మీద ఇల్లు ఎవరైనా గీస్తారు. ఈవిడ అసలు కొలతలతో నేలమీద గీసి, ఇంటివాళ్ళని మంచాలతో, గిన్నెలతో పిలిపించి, ఒక రోజంతా అందులో కాపురం చేయమంటుంది. గీత తొక్కితే "గోడకి గుద్దుకున్నారు, వెనక్కి రండి" అంటుంది. ఒక ఇంట్లో అయితే మామగారూ కోడలూ స్నానాలగది గీత దగ్గర పొద్దున్నే మూడుసార్లు ఎదురుపడి సిగ్గుతో చచ్చిపోయారు. సాయంత్రానికల్లా ఆ తలుపు ఇంకో వైపుకి మారింది. అప్పటికి నేను చెక్క కోసేశానా లేదా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. మేస్త్రి అన్నాక గొంతు ఉండాలి కదా. మా మేస్త్రమ్మకి లేదు. మాట పెదాలు దాటి మూడడుగుల దూరంలో ఆగిపోతుంది. ఆవిడ ఏం చెప్పిందో తెలియాలంటే చేతిలో పని దించి దగ్గరికి వెళ్ళాల్సిందే. అది పుట్టుకతో వచ్చిన గొంతేమో అనుకునేవాణ్ణి.

పోయిన ఏడాది మాకు ఒక మూతబడిన ఐసు ఫ్యాక్టరీ వచ్చింది. దాన్ని ఇల్లుగా మార్చుకోవాలనుకున్నది ఒక టైలరు కుటుంబం. టైలరు ఇంట్లోనే కుడతాడు. వాళ్ళ నాన్నకి చెవుడు, రేడియో మాత్రం ప్రాణం. ఆరేళ్ళ పాప ఒకతె. టైలరు భార్య నర్సు. ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులో ఆమెది రాత్రి డ్యూటీ. పొద్దున్నే ఇంటికొచ్చి పడుకోవాలి. అప్పుడు వాళ్ళుంటున్నది ఒకటిన్నర గది అద్దె ఇల్లు. అందులో మిషను, రేడియో, వంట, పాప, వీటన్నిటి మధ్యా ఆమె నిద్ర.

మొదటిరోజే నర్సమ్మ మేస్త్రమ్మని పక్కకి పిలిచి ఉన్న మాట చెప్పింది.

"రోజుకి మూడు గంటలు కూడా పడుకోవట్లేదండీ. పసిపిల్లలకి మందు వేసేటప్పుడు కొలత రెండుసార్లు, మూడుసార్లు చూసుకుంటున్నా. నా మీద నాకే నమ్మకం పోతోంది. హాస్టల్లో మంచం కావాలని పెద్ద నర్సుని అడిగేశాను. ఈ ఇంట్లో కూడా నిద్ర పట్టకపోతే అక్కడికి వెళ్ళిపోతాను. వారానికోసారి వచ్చి పాపని చూసుకుంటా."

"పడుతుందమ్మా. నేను పట్టిస్తాను," అంది మేస్త్రమ్మ. ఆవిడ ఎవరికీ అలా మాట ఇవ్వగా నేను చూడలేదు.

రోడ్డుకి దూరంగా, వెనకాల మూలన పడకగది గీసింది. ముందు భాగంలో మిషను, పక్కన వంటగది. మధ్యలో పాత ఐసు నిలవచేసే గది ఉంది. కిటికీ లేని చీకటి కొట్టు కాబట్టి అందులో పాత సామాను వేసుకోవచ్చనుకున్నాం. ఒక ఆదివారం కుటుంబమంతా గీతల ఇంట్లో కాపురానికి దిగింది. నర్సమ్మ రాత్రి డ్యూటీ దిగి వచ్చి వెనక గీతల్లో పడుకుంది. పొద్దున ఎనిమిదికి పడుకున్న మనిషి మధ్యాహ్నం రెండుకి లేచింది! టైలరు కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత బుద్ధిమంతుల కుటుంబాన్ని నా జన్మలో చూడలేదని నేనే పొగిడాను. నా నోరు అంత మంచిది.

గోడలు లేచాయి. రేకుల పైకప్పుని ముట్టుకునేదాకా లేపి, సందులు పూడ్చేశారు. నేను రెండు గుమ్మాలు నిలబెట్టాను. మంచి కర్ర, మంచి పని. పొగుడుకోకూడదు గానీ, వాటి ముందు నిలబడి నేనే కాసేపు చూసుకున్నాను.

ఆ వారంలోనే ఒకరోజు టైలరు పాపని వెంటబెట్టుకుని పని చూడటానికి వచ్చాడు. నా చేతిలోంచి పలక జారి ధడాలున పడింది. పాప పరుగున వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "ష్! అమ్మ పడుకుంది," అంది, గుసగుసగా.

అమ్మ అక్కడ లేదు. రెండు వీధుల అవతల అద్దె ఇంట్లో ఉంది. నేను పకపకా నవ్వాను. మేస్త్రమ్మ నవ్వలేదు. పాప ముందు గొంతుక్కూర్చుంది.

"ఆవేళ గీతల ఇంట్లో ఏం ఆట ఆడుకున్నావమ్మా?"

"నిద్రాట."

"ఎలా ఆడతారు?"

"ఎవరు చప్పుడు చేస్తే వాళ్ళు ఓడిపోయినట్టు. తాతయ్య దగ్గి ఓడిపోయాడు. నాన్న మిషను ముందు కూర్చున్నాడు గానీ తొక్కలేదు. నేను ఎప్పుడూ గెలుస్తా." ఇదంతా గుసగుసే. బడిలో కూడా ఇలాగే మాట్లాడుతుందని, పాఠం అప్పజెప్పమంటే టీచరు వంగి వినాల్సి వస్తోందని టైలరు నీళ్ళు నములుతూ చెప్పాడు.

అప్పుడు అర్థమైంది మాకు. చీమ చిటుక్కుమంటే ఉలిక్కిపడే అలవాటు వాళ్ళందరికీ ఎముకల్లోకి ఇంకిపోయింది. పరీక్షరోజు కూడా పిల్లుల్లా తిరిగారు, రేడియో పెట్టలేదు, గిన్నె కదపలేదు. మేం పరీక్షించింది ఇంటిని కాదు, వాళ్ళ ఓర్పుని.

మర్నాడే మేస్త్రమ్మ గోల పరీక్ష పెట్టింది. నర్సమ్మని వెనక గదిలో పడుకోబెట్టి, గుమ్మానికి చెక్క అడ్డం పెట్టి, మిగతా వాళ్ళని రోజూ ఎలా బతకాలనుకుంటారో అలా ఉండమంది. టైలరు మిషను తొక్కాడు. తాతయ్య రేడియో పెట్టాడు. పాపకి పళ్ళెం, గరిటె ఇస్తే కొట్టడానికి భయపడి నా చేతిలో పెట్టేసింది. పది నిమిషాల్లో నర్సమ్మ బయటికొచ్చింది. గోడకి తల ఆనించి నిలబడింది. నేను గరిటె కింద పెట్టేశాను.

"గోడలు కాదు అన్నయ్యా," అంది మేస్త్రమ్మ పైకి చూస్తూ. "ఇల్లంతా ఒకటే రేకు. చప్పుడు రేకెక్కి నడుస్తోంది. ఈ మూల పడకగది పనికిరాదు, గోడలు దింపేయాలి."

గోడలు దింపడమంటే నా గుమ్మాలు పీకడం. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, కట్టి కూల్చి చూడు అనలేదు! నిద్రపోవడం చేతగాని వాళ్ళకి నేనేం చేస్తాను?" అని అరిచేశాను.

మేస్త్రమ్మ దగ్గరికి వచ్చింది. "మా నాన్న రాత్రి కాపలాకి వెళ్ళేవాడు. ఒకటే గది. ఐదుగురం పిల్లలం. పగలంతా మెట్టుమీద నోరు మూసుకుని కూర్చునేవాళ్ళం. నవ్వొస్తే బట్ట నోట్లో కుక్కుకునేవాళ్ళం. నా గొంతు అక్కడే ఉండిపోయింది అన్నయ్యా. ఈ పాపది కూడా ఉండిపోనా?"

ఆ సాయంత్రమే నా గుమ్మాలు నేనే పీకాను.

మర్నాడు నిశ్శబ్దాన్ని వెతికే పని పడింది. మేస్త్రమ్మ నాకు ఒక నూనె డబ్బా, ఒక కర్ర ఇచ్చింది. ముందు గదిలో నిలబడి నేను వాయించాలి. ఆవిడ ఒక్కో మూల పడుకుని "వినపడింది" అని చెయ్యి ఊపి, కొంగు దులుపుకుని ఇంకో మూలకి పోవాలి. వీధిలోవాళ్ళు తొంగి చూసి, వడ్రంగికి పిచ్చెక్కిందని నిర్ధారణ చేసుకుని వెళ్ళారు. పన్నెండు అయింది. ఎండకి రేకులు కాలిపోతున్నాయి. వాయిస్తున్నాను, వాయిస్తున్నాను, ఆవిడ జాడే లేదు. పిలిచినా పలకదు. డబ్బా వాయిస్తూనే ఇల్లంతా వెతికాను. చివరికి ఐసుగది తలుపు లాగితే, లోపల చల్లగా ఉందని గోడకి ఆనుకుని కూర్చుని ఉంది మహాతల్లి.

"ఎందుకు ఆపేశావు అన్నయ్యా?" అంది.

"ఆపానా? భుజం ఊడొచ్చేలా వాయిస్తున్నాను కదమ్మా!"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నేను బయటికొచ్చి తలుపు మూసి, డబ్బా చిల్లు పడేలా బాదాను. తలుపు తీస్తే ఆవిడ కళ్ళు మూసుకుని నవ్వుతోంది. ఐసు కరగకుండా కట్టిన గది అది. మూరెడు మందాన జంట గోడలు, మధ్యలో రంపపు పొట్టు, పైన రేకులతో సంబంధం లేకుండా సొంత స్లాబు. ఎండని ఆపడానికి ఎవరో ఎప్పుడో చేసిన ఏర్పాటు చప్పుడునీ ఆపేస్తోంది. మేం ఇన్నాళ్ళూ దాంట్లో పాత సామాను వేద్దామనుకున్నాం!

టైలరుకి నచ్చలేదు. "కిటికీ కూడా లేని కొట్లో మనిషిని ఎలా పడుకోబెడతామండీ?"

సమాధానం నర్సమ్మే చెప్పింది. "ఇన్నేళ్ళూ కిటికీకి దుప్పట్లు కట్టింది ఎవరు? నేనేగా. నేను పడుకునే వేళకి ఆ వెలుతురే నా శత్రువు. నాకు గాలి ఉంటే చాలు."

గాలికి మేస్త్రమ్మ రెండు గొట్టాలు పెట్టించింది. నీడవైపునుంచి చల్లగాలి కిందుగా వస్తుంది, వేడిగాలి పైనుంచి పోతుంది. రెండిటికీ రెండేసి వంపులు, లోపల పీచు. గాలి వంపులు తిరిగి వస్తుంది, చప్పుడు వంపుల్లో చచ్చిపోతుంది. వెనక గోడలు దింపేసరికి అక్కడ కిటికీలతో పెద్ద హాలు వచ్చింది. మిషను వెలుతురు దగ్గరికి, వంటగది దాని పక్కకి, తాతయ్య మంచమూ రేడియో మూలకి చేరాయి.

పాపకి మాత్రం ఒక బెంగ. నా చొక్కా లాగి గుసగుసగా అడిగింది. "తాతా, నేను ఏడిస్తే అమ్మకి వినపడదా?"

ఐసుగది తలుపుకి బయటనుంచి మాత్రమే గొళ్ళెం ఉంది. ఐసుకి అది చాలు, మనిషికి కుదరదు. గొళ్ళెం ఊడదీసి అవతల పారేశాను. బరువు తలుపు ఒంటిచేత్తో కదిలేలా కొత్త మడతబందులు వేశాను. పీకిన గుమ్మాల కర్రతో రెండు పిడులు చేసి, ఒకటి పెద్దవాళ్ళకి, ఒకటి పాప నడుము ఎత్తున బిగించాను. "ఏడవడం ఎందుకు? తలుపు లాక్కుని లోపలికి వెళ్ళిపో," అన్నాను. ఆ పిడి పట్టుకుని పదిసార్లు లోపలికీ బయటికీ తిరిగింది. నా గుమ్మాలు పోయిన బాధ అక్కడ తీరింది. మిగిలిన పలకతో ముందు వసారాలో ఉయ్యాల కూడా వేశాను, ఎవరూ అడక్కపోయినా.

వాళ్ళు చేరిన మొదటిరోజు మేం వంటింటి అరలు బిగిస్తున్నాం. నర్సమ్మ ఎనిమిదింటికి ఐసుగదిలోకి వెళ్ళింది. మేస్త్రమ్మ పట్టుబట్టి మిషను తొక్కించింది, రేడియో పెట్టించింది. టైలరు గంటకోసారి ఆ తలుపు దాకా వెళ్ళి వచ్చాడు. పదకొండు దాటింది. అప్పుడు వసారాలోంచి కేక వినపడింది.

"మేస్త్రత్తా! చూడు, నేను ఎంత ఎత్తుకెళ్ళానో!"

మిషను ఆగిపోయింది. నా సుత్తి గాల్లోనే ఉండిపోయింది. మేస్త్రమ్మ గుమ్మంలో నిలబడి పెదాలమీద వేలు పెట్టేసింది. పాప కాళ్ళు నేలకి ఆనించి ఉయ్యాల ఆపి, తల దించుకుంది. అందరం ఐసుగది తలుపు వైపే చూశాం. అది కదల్లేదు.

మేస్త్రమ్మ తన వేలిని తనే చూసుకుని దించేసింది.

"వినపడలేదు. మళ్ళీ పిలువు!" అంది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి, నేను చేతిలో పని దించకుండానే ఆవిడ మాట నాకు వినపడింది. పాప మళ్ళీ పిలిచింది. ఆ తర్వాత ఇక ఆపలేదు.

నాలుగింటికి ఐసుగది తలుపు తెరుచుకుంది. రేడియో, మిషను, నా సుత్తి, పాప పాట అన్నీ ఒక్కసారిగా మీద పడేసరికి నర్సమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. చెంపమీద దిండు ముడతలు అలాగే ఉన్నాయి.

"హాస్టల్లో మంచం వద్దని ఇవాళే చెప్పేస్తాను," అంది మొగుడితో. ఆ తర్వాత చెవులు మూసుకుని, "అవునూ, ఈ గోల ఎప్పట్నించి?" అని అడిగింది.

"పొద్దుట్నించీ!" అని పాప రేకులు అదిరేలా అరిచింది. ఎవరూ ష్ అనలేదు.