ఫ్రీజర్‌లో పగిలిన కొబ్బరికాయ

ఫిజీలోని లౌటోకాలో మా పెద్దమ్మ మనవరాలికి రేపు నిశ్చితార్థం. ఫ్రిజ్ నిండా మిఠాయిలే ఉండటంతో, పూజకు తెచ్చిన కొబ్బరికాయను ఎవరో ఫ్రీజర్‌లో పెట్టారు. నిన్న పొద్దున తీసి చూస్తే అది పగిలి ఉంది. అపశకునం, నిశ్చితార్థం వాయిదా వేయాల్సిందేనని పెద్దమ్మ పట్టుబట్టింది. అమ్మాయి ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది.

నేను పనిచేసే పేపర్ ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి చెప్పాను. నీరు చల్లబడేకొద్దీ కుంచించుకుంటుంది. నాలుగు డిగ్రీలు దాటి ఇంకా చల్లబడితే మాత్రం మళ్లీ పెరుగుతుంది. గడ్డకడితే దాదాపు పదో వంతు ఎక్కువ చోటు కావాలి. ఆ చోటు చాలకే టెంక పగిలింది.

"మంచీ చెడూ కాయకి తెలుసు బేటా, నీ పేపర్‌కి తెలీదు" అంది పెద్దమ్మ.

"అయితే ఇంకో కాయ పెట్టి చూద్దాం" అన్నాను.

ఈ రోజు మధ్యాహ్నం అందరి ముందూ ఫ్రీజర్ తెరిచాం. రెండో కాయ కూడా పగిలింది.

"చూశావా పెద్దమ్మా?"

"చూశా బేటా. ఒకటే పగిలితే దోషం పిల్లకి అనుకున్నా. రెండూ పగిలాయి కదా! దోషం పిల్లకి నై, ఈ ఫ్రీజర్‌కి."

వెంటనే పెళ్లికొడుకు ఇంటికి ఫోన్ చేసి, "సగాయి రేపే, పక్కా" అని నిశ్చితార్థం ఖాయం చేసింది. ఫ్రీజర్‌కి పసుపు కుంకుమ పెట్టించింది.

తప్పు కనిపిస్తే దిద్దడం ముప్పై ఏళ్లుగా నా ఉద్యోగం. మళ్లీ వివరించబోతుంటే అమ్మాయి నా చేయి గట్టిగా గిల్లింది. ఊరుకున్నాను. మీరైతే దిద్దేవారా?