పైలట్ నడిపిన నిండు బస్సు

డిపోలో అందరూ ఆయన్ని పైలట్ అనేవాళ్లు. విమానం నడపడం మాట అటుంచి, ఆయన విమానం ఎక్కింది కూడా లేదు. దగ్గరగా చూసింది ఒకే ఒక్కసారి, అదీ కంచె బయట నిలబడి. ఆయన బస్సుల వర్క్‌షాపులో టెస్ట్ డ్రైవరు. మరమ్మతు అయిన ప్రతి బస్సునీ ఒక చుట్టు తిప్పి తెచ్చి, బాగుందనో బాగాలేదనో రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే బండి గేటు దాటదు.

పైలట్ అన్న పేరు ఊరికే రాలేదు. సీట్లో కూర్చోగానే ఒక చిన్న నోటుబుక్కుని ఎలాస్టిక్ పట్టీతో కుడి తొడకి బిగించుకునేవాడు. బండి నడుస్తున్నంతసేపూ స్టీరింగు ముందున్న మీటర్ల ముళ్లు చూపించే అంకెల్ని పైకి చదివి, ఆపిన చోటల్లా రాసుకునేవాడు. "వేగం నలభై. గాలి ఏడు. ఎడమకి లాగుతోంది." పక్కన వినేవాడు లేకపోయినా ఇదే వరస. ఆ పట్టీ కుట్టిపెట్టింది ఆయన భార్య. "బస్సుకి రెక్కలు కూడా కుట్టమంటారా?" అని అడిగి మరీ కుట్టింది.

ఈ పిచ్చి పధ్నాలుగో ఏట పట్టుకుంది. పాత కాగితాల కొట్లో తూకానికి కొన్నవాటిలో అట్ట లేని పుస్తకం ఒకటి వచ్చింది. కొత్త విమానాల్ని మొట్టమొదట గాల్లోకి లేపి, ఎక్కడ విరుగుతాయో చూసి చెప్పే టెస్ట్ పైలట్ల కథలు. ఆ తర్వాత అలాంటి పుస్తకం కోసం వెతకని కొట్టు లేదు. అలాంటి సినిమా ఆడితే పని ఎగ్గొట్టి అయినా వెళ్లేవాడు. ఒకదాన్ని తొమ్మిదిసార్లు చూశాడు. ఆ హాలు ఇప్పుడు ఫర్నిచర్ షాపు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా భార్యకి చూపించేవాడు. "ఇప్పుడు ఆ డబల్ మంచం వేశారే, సరిగ్గా అక్కడే నేను కూర్చున్నది." ఆవిడ మంచం ఖరీదు చూసి ముందుకు నడిచేది.

నిజం చెప్పాలంటే ఆ సినిమాల ముందు ఇప్పటివి దిగదుడుపే. ఇప్పటి హీరో విమానం ఎక్కకముందే అరుస్తాడు. ఆ కాలపువాళ్లు తోలు టోపీ బిగించుకుని, కూరగాయల జాబితా చదువుతున్నట్టు అంకెలు చెప్పేవాళ్లు. రెక్క ఊడిపోతున్నా సరే, "ఎత్తు తొమ్మిది వేలు, తగ్గుతోంది" అనేవాళ్లు. తాము పోయినా తర్వాత ఎక్కేవాడు బతకాలని అలా చెప్తారట. పైలట్ మళ్లీ మళ్లీ వెళ్లేది ఆ ముక్క కోసమే. ఆ పుస్తకాల్లోంచి ఆయన నేర్చుకున్నది నికరంగా రెండే ముక్కలు. ప్రమాదం ఎలా జరిగిందో తెలియాలంటే, జరిగింది జరిగినట్టుగా మళ్లీ చెయ్యాలి. అలా చేసినా అది మళ్లీ రాకపోతే, ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి.

ఇరవై రెండేళ్లు ఆ రెండు ముక్కలూ బస్సుల మీద వాడుకున్నాడు. అవి సొంత ఇంటిదాకా వస్తాయని అనుకోలేదు.

ఆయన బావమరిది, అంటే భార్య తమ్ముడు, అదే డిపోలో డ్రైవరు. నాలుగు నెలల కింద, కిక్కిరిసిన బస్సుతో కొండ దిగుతూ మూడో మలుపులో గోడని గుద్దేశాడు. పదకొండు మందికి దెబ్బలు, కండక్టరుకి తుంటి ఎముక విరిగింది. దేవుడి దయ, ప్రాణాలు దక్కాయి. "బ్రేకు తొక్కాను. గాలి ముల్లు నిండుగా ఉంది. అయినా బండి ఆగలేదు" అన్నాడు బావమరిది. వర్క్‌షాపు వాళ్లు ఆ బస్సు ముందు భాగం బాగుచేసి, మూడుసార్లు నడిపి చూశారు. మూడుసార్లూ గీత గీసినట్టు ఆగింది. బస్సు బ్రేకు పట్టేదే ట్యాంకులోని గాలి ఒత్తిడితో, అది నిండుగా ఉండి పట్టకపోవడం ఏమిటి? కంగారులో బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కాడని రిపోర్టు రాసి, అతన్ని సస్పెండ్ చేసి కూర్చోబెట్టారు.

ఉద్యోగం పోతుందన్న బెంగ ఒక ఎత్తు. అంతకంటే పెద్దది ఇంకోటి ఉంది. మొదట్లో "తొక్కాను" అన్నవాడు, రెండో నెలకి "తొక్కాననే అనుకుంటున్నాను" అన్నాడు. నాలుగో నెల వచ్చేసరికి అక్క దగ్గర కూర్చుని, "నిజంగానే తొక్కలేదేమో అక్కా" అన్నాడు. కండక్టరు ఇంటివైపు వెళ్లడం మానేశాడు. అన్నం ముందు కూర్చుని కుడికాలి వంక చూసుకునేవాడు.

రిపోర్టు ఖాయం కావాలంటే టెస్ట్ డ్రైవరు సంతకం కావాలి. అది నాలుగు నెలలుగా పైలట్ బల్ల మీదే ఉంది.

"మీ బావమరిది కాబట్టి నానుస్తున్నారని నలుగురూ అంటున్నారు" అన్నాడు ఇంజినీరు ఒకరోజు. మనిషి చెడ్డవాడు కాదు, కాగితం ఏం చెబితే అదే నమ్ముతాడు.

"మీరు మూడుసార్లూ ఖాళీ బండే నడిపారు సార్. ఆ రోజు అది నిండు బండి. ఒక్కసారి నిండుగా నడపనివ్వండి. ఆగితే అక్కడికక్కడే సంతకం పెడతాను."

ఇంజినీరు రిపోర్టుని ఇంకోసారి తిరగేసి, సరేనన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే, సెలవులో ఉన్న డ్రైవర్లు పిలవకుండానే వచ్చారు. మనిషికొక ఇసుక బస్తా చొప్పున యాభై సీట్లలో యాభై, నిలబడే చోట పొడుగునా ఇరవై సర్దారు. "టికెట్లు తీసుకున్నారా?" అని బస్తాలని అడిగాడు ఒకడు. మూడో మలుపు పక్కన పాత క్వారీ దారి ఎగువకి పోతుంది. బ్రేకు పట్టకపోతే బండిని దానిమీదకి ఎక్కించాలని పైలట్ ముందే చూసి పెట్టుకున్నాడు. మలుపు కింద ఇంజినీరు, ఫిట్టరు, బావమరిది నిలబడ్డారు. భార్య రావద్దన్నా వచ్చింది. ఇంజినీరు చేతిలో ఒక వాకీటాకీ, పైలట్ దగ్గర ఒకటి.

మొదటిసారి బండి ఆగింది. రెండోసారి కూడా బుద్ధిగా ఆగింది. ఇంజినీరు జేబులోంచి పెన్ను తీశాడు. బావమరిది ఎవరి మొహమూ చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు. ఇంకో పది నిమిషాల్లో పైలట్ తన చేత్తోనే భార్య తమ్ముడి బతుకు కొట్టేయాలి.

దిగి బావమరిది దగ్గరికి వెళ్లాడు. "ఒరేయ్, ఆ రోజు జనం ఎక్కడ నిలబడ్డారు?"

"బస్సులోనే, ఇంకెక్కడ బావా."

"బస్సులో ఎక్కడ?"

అతను ఆలోచించాడు. "వెనక. ముందు తలుపు బిగుసుకుపోయింది. అందరూ వెనక తలుపులోంచే ఎక్కారు. నడి దారిలో గంపలు అడ్డం, ముందుకి జరగమంటే ఎవడూ జరగలేదు. అంతా వెనకే."

నాలుగు నెలల్లో ఆ మాట అతన్ని అడిగినవాడు లేడు. పైలట్ బస్సు ఎక్కాడు. నిలబడే చోట ఉన్న ఇరవై బస్తాల్నీ వెనక తలుపు దగ్గర గుట్ట వేయించాడు. సీట్లలోవి ముట్టుకోనివ్వలేదు. ఒక్కటే మార్చాలి.

మూడోసారి కొండ దిగుతుంటే వాకీటాకీలో ఆయన గొంతు వచ్చింది. "వేగం ముప్ఫై. రెండో గేరు. గాలి నిండుగా ఉంది. మలుపు వస్తోంది. బ్రేకు తొక్కాను."

కాలు కిందికి వెళ్లింది. బండి ఆగలేదు. ముందు చక్రాలు కీచుమన్నాయి, వెనక బరువంతా ఆయన్ని తోసుకుంటూ వచ్చింది. ఆయనకీ పైప్రాణాలు పైనే పోయాయి. భయం వెయ్యలేదని తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. కానీ నోరు మాత్రం దాని పని అది చేసుకుపోయింది. "గాలి నిండుగానే ఉంది. వెనక చక్రాలు పట్టలేదు. మళ్లీ తొక్కాను. పట్టలేదు. వేగం ముప్ఫై ఎనిమిది. క్వారీ దారికి తిప్పుతున్నాను."

కింద ఆయన భార్య ఇంజినీరు చేతిలోంచి వాకీటాకీ లాక్కుంది. కానీ ఏ మీట నొక్కి మాట్లాడాలో ఆవిడకి తెలియదు.

బస్సు కంకర మీద ఊగుతూ ఎగువకి ఎక్కి, నీరసపడి, ఆగింది. చేతి బ్రేకు లాగి ఊపిరి పీల్చుకున్నాక ఆయన అన్న మొదటి మాట ఇది. "ఒక్క బస్తా కూడా దించొద్దు. దించితే మళ్లీ ఏమీ కనపడదు."

చక్రాలకి రాళ్లు అడ్డం వేసి, ఫిట్టరు టార్చి పట్టుకుని కిందికి దూరాడు. తర్వాత కిందనుంచే పిలిచాడు. "సార్, మీరే వచ్చి చూడండి."

ఇంజినీరు ఇస్త్రీ చొక్కాతోనే కంకరలో పాక్కుంటూ వెళ్లాడు. వెనక బ్రేకులకి గాలి తీసుకెళ్లే రబ్బరు పైపు, బరువుకి కుంగిన బాడీకీ ఇరుసుకీ మధ్య నలిగి చపాతీలా అతుక్కుపోయి ఉంది. అందులో గాలి దూరే సందు లేదు. ట్యాంకులో గాలి నిండుగా ఉంటుంది, ముల్లు నిజమే చెబుతుంది. బరువు దించగానే పైపు మళ్లీ గుండ్రంగా లేస్తుంది. పైపుని పట్టే క్లిప్పు ఉండాల్సినదానికంటే రెండు వేళ్ల మందం కిందికి బిగించి ఉంది. ఫ్యాక్టరీ నుంచి అదే వరసలో, అదే బిగింపుతో వచ్చిన బస్సులు ఇంకో పద్దెనిమిది ఉన్నాయి, అన్నీ రోడ్ల మీదే తిరుగుతున్నాయి.

ఇంజినీరు బయటికి వచ్చి, మోచేతులు దులుపుకోవడం కూడా మర్చిపోయి, ఆ పద్దెనిమిదినీ ఎక్కడివక్కడ ఆపమని ఫోన్లో చెప్పాడు. పెన్ను తీసి రిపోర్టు మొదటి పేజీకి అడ్డంగా రెండు గీతలు కొట్టాడు. డ్రైవర్లు ఈలలు వేశారు. ఒకడు పైలట్‌ని భుజాల మీదికి ఎత్తబోతే, నడుం పడుతుందని ఆయన ఒప్పుకోలేదు. భార్య ఆయన వంక కోపంగా చూస్తూనే కళ్లు తుడుచుకుంది. "ఆ పుస్తకాలు తగలెయ్యాలని పాతికేళ్లుగా అనుకుంటున్నాను" అంది. "తగలెయ్యలేదు, అంతే."

బావమరిది మాత్రం బస్సు కిందికి దూరి, ఆ పైపు దగ్గర్నుంచి చాలాసేపు కదల్లేదు. బయటికి వచ్చాక, "అంటే నేను తొక్కాను బావా" అన్నాడు.

"తొక్కావురా. రెండుసార్లు తొక్కి ఉంటావు."

"మూడుసార్లు. ఇప్పుడు గుర్తొచ్చింది. మూడుసార్లు తొక్కాను."

ఫిట్టరు పైపుని పైకెత్తి తీగతో కట్టాడు. బస్తాలు దించేశారు. పైలట్ బండి తీసి మెల్లగా పైదాకా వెళ్లి, బ్రేకులన్నీ చూసుకుని వచ్చి, తాళంచెవి బావమరిది చేతిలో పెట్టాడు. సస్పెన్షన్లో ఉన్నవాడికి బండి ఇవ్వకూడదని అందరికీ తెలుసు. ఇంజినీరే ముందుగా ఎక్కి, డ్రైవరు వెనక సీట్లోనే కూర్చున్నాడు. ఆయన వెనక పైలట్, భార్య, డ్రైవర్లు అందరూ ఎక్కారు.

బస్సు పైకి ఎక్కి, కొండ మీద తిప్పుకుని కిందికి దిగింది. ఒక్క గేరూ తప్పలేదు. మూడో మలుపులో, గోడ మీద కొత్త సిమెంటు పూతలు ఇంకా వేరుగా కనిపిస్తున్న చోట, బావమరిది బ్రేకు తొక్కాడు. బస్సు ఉన్నచోటే నిలబడిపోయింది. ఎదురుగా ఏ బండీ లేదు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ లేరు. స్టీరింగు మీద తల పెట్టుకుని అతను ఎంతసేపు ఉన్నా, ఎందుకు ఆపావని ఒక్కరూ అడగలేదు.