ఏడాది ఆయుష్షున్న అర్జీ

యాభైల చివర బందరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు రూము గుమాస్తాగా ఉండేవాణ్ణి. దివిసీమ నుంచి పడవల మీద వచ్చే పాత కాగితాలు ఉప్పుగాలికి చెమ్మబట్టి వచ్చేవి. వాటిని ఎండబెట్టి, ఎర్రగుడ్డల్లో మూటలు కట్టి అరల్లో సర్దడం నా పని. ఫైలు ముగిసిన రోజునే దాని మీద ఆయుష్షు రాసేవారు. ఏడాది ఉంచి చించెయ్యవలసినదానికి ‘ఎల్’, పదేళ్లు ఉంచవలసినదానికి ‘డి’, ఎన్నటికీ చించకూడనిదానికి ‘ఆర్’.

ఒకసారి బజారులో మా ఆఫీసు కాగితం పకోడీల పొట్లమై కనిపించిందట. ఆ సాయంత్రం హెడ్ గుమాస్తా గుమ్మంలో నిలబడ్డాడు. అందరూ ఇళ్లకు వెళ్తున్నారు. ఆపింది నన్నొక్కణ్ణే.

“సంచీ ఒకసారి విప్పండి.”

“నాదొక్కటేనా? అందరివీ చూస్తారాండీ?”

“రికార్డు రూము తాళం అందరి దగ్గరా ఉందేంటండీ?”

విప్పాను. ఖాళీ కారియరు, దాని కింద దర్జీకిద్దామని తెచ్చిన మా ఆవిడ చిరుగు రవిక. ఆయన దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, “ఇది ఏ ఫైల్లోదండీ?” అన్నాడు. బంట్రోతుతో సహా అందరూ నవ్వారు. నన్ను చూడ్డానికి నందివాడ నుంచి వచ్చిన మా బావమరిది వరండాలోనే ఉన్నాడు. తన అక్క రవిక అది. నేల చూస్తూ ఉండిపోయాడు.

ఆ కాగితం ఎవరు అమ్మారో చివరికీ తేలలేదు. నేను కాదని ఎవరూ అననూ లేదు. జరిగిందంతా పై అధికారికి అర్జీ రాసుకున్నాను. నెల తిరిగేసరికి అది ‘చూడడమైనది’ అన్న ఒక్క ముక్కతో నా గదికే వచ్చింది, దాచిపెట్టమని. దాని మీద ‘ఎల్’.

హెడ్ గుమాస్తా దగ్గరికే వెళ్లాను. “దీనికి ‘డి’ వేయించండి. నాకు జరిగిన అవమానం కాగితం మీదైనా ఉండాలి.”

“మీ సంచీకి పదేళ్ల ఆయుష్షు కావాలేంటండీ?” అన్నాడు.

ఏడాది గడిచింది. ‘ఎల్’ కాగితాలను ఒక పెద్ద ఉద్యోగి కళ్లెదుట చించి, పెరట్లో కాల్చాలి. ఆ ఏడాది అలా చూస్తూ కూర్చున్నది హెడ్ గుమాస్తాయే. చించుతూ చించుతూ ఉంటే నా అర్జీ చేతికొచ్చింది. ఆయన అటు తిరిగి చుట్ట వెలిగించుకుంటున్నాడు. నా సంచీ పక్కనే ఉంది. మడిచి అందులో పడేస్తే ఎవరికీ తెలియదు. కాని నేను దొంగను కానని రాసుకున్న కాగితం నా సంచీలో దొరికితే, ఆయన అనుమానపడిందే నిజమవుతుంది.

చించాను. మంటలో వేశాను.

సాయంత్రం గుమ్మం దగ్గర ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. నన్ను ఆపలేదు, ఏమీ అడగలేదు. నా అంతట నేనే ఆగి, సంచీ విప్పి చూపించాను.

“ఎందుకండీ, వెళ్లండి” అన్నాడు, లోపలికి చూడనైనా చూడకుండా.

మొదటి సోదా సంగతి గుడివాడ దాకా కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. ఈ రెండోదాని సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు.